మంచులో బండి: నెల్లూరు, ప్రకాశం దారుల్లో చలికాలపు ప్రయాణానికి సమగ్ర మార్గదర్శి

చలికాలంలో మోటారు సైకిల్ బండి నడపడం గురించి వినిపించే సలహాల్లో సగం మంచు గడ్డకట్టే దేశాలవి. మన దగ్గర జనవరి తెల్లారుజామున కూడా నెల్లూరులో ఉష్ణోగ్రత 20 డిగ్రీల చుట్టుపక్కలే ఉంటుంది. మార్కాపురం, గిద్దలూరు వైపు పోతే ఇంకొన్ని డిగ్రీలు తగ్గుతుందంతే. ఇంజన్ ఆయిల్ పేరుకోదు, రోడ్డు మీద ఐసు కట్టదు. నిజానికి ఇక్కడిది చలికాలం కంటే తడికాలం. నెల్లూరు సీమకు ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరుల్లోనే పడుతుంది. ఆ నీళ్లు చెరువుల్లో, కయ్యల్లో, వాగుల్లో నిలిచి ఉండగానే ధనుర్మాసం దిగుతుంది. పగలంతా నేల మీద ఉన్న తడి తెల్లారేసరికి మంచై లేస్తుంది. చక్రం జారినా, కళ్లు కనపడకపోయినా, బ్రేకు ఆలస్యంగా పట్టినా వెనక ఉండేది ఆ తడే. అందుకని కింద చెప్పే పనుల్లో ఎక్కువ భాగం తడి చుట్టూ తిరిగేవే.

దీపావళి తర్వాత ఒకసారి చేయించాల్సిన పనులు

ముందు టైర్లు. గాడుల మధ్య అడుగున చిన్న చిన్న గట్లు ఉంటాయి. టైరు పక్కన టీడబ్ల్యూఐ అనో, బాణం గుర్తో ఉన్నచోట లోపలికి చూస్తే కనిపిస్తాయి. రబ్బరు ఆ గట్టు దాకా అరిగిందంటే టైరు పని అయిపోయినట్టే. తడి రోడ్డు సంగతైతే అంతదాకా కూడా ఆగొద్దు. గాడి లోతు 2 మి.మీ.కి వచ్చిందంటే వెనక టైరు మార్చేయండి. గాడి పని నీటిని పక్కకు నెట్టడం, లోతు లేకపోతే నీరు టైరు కిందే ఉండిపోతుంది.

గాలి చల్లటి టైరులోనే చూసుకోవాలి, అంటే బండి కనీసం రెండు మూడు గంటలు కదలకుండా ఉండాలి. ఉష్ణోగ్రత 5, 6 డిగ్రీలు పడిపోతే ఒత్తిడి సుమారు 1 పీఎస్ఐ తగ్గుతుంది. ఎండాకాలం మధ్యాహ్నం 40 డిగ్రీల్లో పట్టించిన గాలి, చలికాలం పొద్దున 18 డిగ్రీల్లో కారకుండానే 4 పీఎస్ఐ దాకా తక్కువ చూపిస్తుంది. 100, 125 సీసీ బండ్లకు సాధారణంగా ముందు 25, వెనక ఒక్కరే అయితే 28, 29, ఇద్దరైతే ఇంకా ఎక్కువ ఉంటుంది. మీ బండికి ఎంతో చైన్ కవరు మీదో, వెనక చక్రాన్ని పట్టుకునే చట్రం మీదో అంటించిన స్టిక్కరులో ఉంటుంది. దాన్నే నమ్మండి. తడిలో గాలి తగ్గిస్తే పట్టు పెరుగుతుందని పంక్చర్ షాపుల్లో అంటుంటారు. తారు రోడ్డు మీద అది తప్పు. గాలి తగ్గితే గాడులు ముడుచుకుపోయి నీటిని నెట్టలేవు, బండి మలుపులో ఊగుతుంది కూడా.

ఇంజన్ ఆయిల్ గ్రేడు చలికాలమని మార్చక్కర్లేదు. కంపెనీ 10డబ్ల్యూ30 చెబితే అదే, 20డబ్ల్యూ50 చెబితే అదే. చూడాల్సింది ఇంకొకటుంది. రోజూ రెండు మూడు కిలోమీటర్లు మాత్రమే తిరిగే బండిలో ఇంజన్ పూర్తిగా వేడెక్కదు. లోపల పట్టిన చెమ్మ ఆవిరి కాక ఆయిల్‌లో కలుస్తుంది. ఆయిల్ పోసే మూత విప్పితే లోపలివైపు మజ్జిగ నురగలా తెల్లగా కనిపిస్తే అదే సంగతి. వారానికి ఒకసారి ఆపకుండా 20, 25 నిమిషాలు నడిపితే ఆ చెమ్మ పోతుంది. అప్పటికీ పోకుండా ఆయిల్ మొత్తం పాల రంగులోకి తిరిగితే వరద నీళ్లేమైనా దూరాయేమో చూసి, ఆయిల్ మార్చాలి.

బ్యాటరీ డిసెంబరులో చచ్చిపోయిందంటే నేరం డిసెంబరుది కాదు, మే నెలది. వేడికి లోపలి ప్లేట్లు పాడవుతాయి, చలిలో సెల్ఫ్ కొట్టేటప్పుడు ఆ లోపం బయటపడుతుంది. రాత్రంతా ఆపిన బండికి మల్టీమీటరు పెడితే 12.6 వోల్టులకు పైన ఉండాలి. 12.2 కన్నా తక్కువైతే ఛార్జింగు పెట్టాలి. ఇంజన్ నడుస్తూ కొంచెం రేజ్ చేసినప్పుడు 13.5 నుంచి 14.5 మధ్య రావాలి. రాకపోతే కొత్త బ్యాటరీ వేసినా లాభం లేదు, లోపం ఛార్జింగు వైపు ఉంది.

పెట్రోలు ట్యాంకు మూత దగ్గర ఒక చిన్న రంధ్రం ఉంటుంది. మూత చుట్టూ చేరిన వాన నీటిని కిందికి వదిలే దారి అది. దుమ్ముతో మూసుకుపోతే ఆ నీళ్లు మూత తీసినప్పుడల్లా ట్యాంకులోకి పోతాయి. వాన వెలిశాక బండి మొరాయించడానికి ఇది పెద్ద కారణం, అయినా ఎవరూ చూడరు. సన్నటి తీగతో శుభ్రం చేయించండి. ఇప్పటి పెట్రోలులో ఇథనాల్ కలుస్తుంది, అది నీటిని పీల్చుకుంటుంది. కాబట్టి నాలుగైదు రోజులు నిలిపే బండిలో ట్యాంకు నిండుగా ఉంచితే మేలు. ఖాళీ జాగా ఎంత తక్కువైతే చెమ్మ అంత తక్కువ పడుతుంది.

ఒంటి మీదికి ఏం వేసుకోవాలి

ఊళ్లో నడుస్తుంటే చలి తెలియదు, బండెక్కితే తెలుస్తుంది. గాలి ఒంటి చుట్టూ ఉన్న వెచ్చని పొరను తోసేస్తుంది కాబట్టి. చలిగాలి లెక్క ప్రకారం 10 డిగ్రీల్లో గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతే ఒంటికి తగిలేది 5 డిగ్రీల చలి. మంచుకు బట్టలు తడిస్తే ఇంకా ఎక్కువ. ఈ లెక్కలో స్వెట్టరు ఒక్కటీ పనికిరాదు. ఊలు అల్లికలోంచి గాలి దూరిపోతుంది. స్వెట్టరు లోపల, గాలి దూరని పొర బయట ఉండాలి. దానికి రెయిన్‌కోటు చొక్కాను మించింది లేదు. మంచునీ ఆపుతుంది, అనుకోకుండా పడే తుంపరనీ ఆపుతుంది. అది కూడా లేనప్పుడు చొక్కా లోపల గుండెల మీద నాలుగైదు మడతల దినపత్రిక పెట్టుకోవడం పాత లారీ క్లీనర్ల ఉపాయం. ఇప్పటికీ అంతే బాగా పనిచేస్తుంది.

చేతులకు గ్లవ్స్ తప్పనిసరి. వేళ్లు మొద్దుబారితే బ్రేకు లివరు మీద పట్టు ఎంత పడుతుందో తెలియదు, క్లచ్ తెగ్గొట్టినట్టు వదులుతారు. తోలు గ్లవ్స్ లోపల ఆసుపత్రుల్లో వాడే పల్చటి రబ్బరు గ్లవ్స్ వేసుకుంటే చెమ్మ లోపలికి రాదు. గంటకు మించి అలాగే ఉంచితే లోపల చెమట పట్టి మళ్లీ చల్లబడతాయి, ఆగినప్పుడు తీసి ఆరనివ్వండి. చెప్పులు వద్దు. కాలి వేళ్లు బిగుసుకుపోతే వెనక బ్రేకు తొక్కే అంచనా పోతుంది.

మంకీ క్యాపు మీద హెల్మెట్ పెట్టడం మన దగ్గర మామూలు. ఊలు క్యాపు మందంగా ఉంటుంది, హెల్మెట్ సరిగ్గా కూర్చోదు, కిందపడితే తలమీద జరిగిపోతుంది. పల్చటి నూలు గుడ్డతో తలా మెడా కప్పే టోపీ దొరుకుతుంది, అది వేసుకుని మీద ఐఎస్ఐ హెల్మెట్ పెట్టి పట్టీ బిగించండి. మఫ్లరు చుట్టుకుంటే కొసలు జాకెట్ లోపలికి దోపాలి. వెనక కూర్చున్న ఆడవాళ్ల చున్నీ, శాలువా సంగతీ అంతే. చైనుకో, చక్రానికో చుట్టుకుంటే క్షణంలో లాగేస్తుంది.

అద్దానికి మంచు పట్టడం

ఇది విడిగా చెప్పుకోవాల్సిన విషయం, ఎందుకంటే రెండు వేర్వేరు తడులను జనం ఒకటిగా చూస్తారు. హెల్మెట్ అద్దానికి లోపల పట్టేది మీ ఊపిరి ఆవిరి. బయట పట్టేది పొగమంచు చుక్కలు. ఒకదానికి చేసే వైద్యం రెండోదానికి పనికిరాదు.

లోపలి ఆవిరికి: రాత్రే అద్దం విప్పి నీళ్లతో కడిగి ఆరబెట్టండి. గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క తడి గుడ్డ మీద వేసి లోపలివైపు పల్చగా పూసి, ఆరాక పొడి మెత్తటి గుడ్డతో తెల్లటి చారలు కనపడనంత వరకు రుద్దండి. పూశాక మళ్లీ నీళ్లతో కడగొద్దు. ఆ పల్చటి పొర వల్ల ఆవిరి చుక్కలుగా కట్టకుండా సమంగా పరుచుకుంటుంది, చూపు ఆగదు. ఒకటి రెండు రోజులు పనిచేస్తుంది. ఎక్కువ పూస్తే ఎదురు లైట్ల వెలుగు చెదిరి ఇంకా ఇబ్బంది. హెల్మెట్ గడ్డం దగ్గరి గాలి రంధ్రం తెరిచే ఉంచండి. చలి వేస్తోందని మూస్తే ఆవిరి పోయే దారి ఉండదు. ముక్కు మీద మాస్కు కట్టుకుంటే ఊపిరి నేరుగా పైకి, కళ్లద్దాల మీదికి కొడుతుంది. గుడ్డ ముక్కు కింద నుంచి ఉండాలి. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు అద్దాన్ని వేలెడంత పైకెత్తండి, కదలగానే దించండి.

బయటి చుక్కలకు: ఎడమ చేతి గ్లవ్ చూపుడు వేలికి మెత్తటి గుడ్డ ముక్క కుట్టించుకుని, పక్కకు ఒక్కసారి తుడవడమే. వేగం 50 దాటితే కొన్ని చుక్కలు గాలికే జారతాయి, కానీ మంచులో ఆ వేగం పోకూడదు కాబట్టి తుడవక తప్పదు. గీతలు పడిన అద్దం చలికాలానికి ముందే మార్చేయండి. ఎదురుగా వచ్చే లారీ వెలుగు ఒక్కో గీత దగ్గరా పగిలి కళ్లలో పడుతుంది. నల్లద్దం తెల్లారుజామున వాడితే గుడ్డివాడి నడకే.

పొద్దున బండి తీయడం

సీటు, అద్దాలు, హెడ్‌లైటు, వెనక లైటు తుడవండి. వెనక లైటు మీద బురద పొర ఉంటే అది వెలుగుతున్నా వెనకవాడికి కనపడదు. 2017 ఏప్రిల్ తర్వాత వచ్చిన బండ్లకు హెడ్‌లైటు ఇంజనుతోపాటే వెలుగుతుంది. పాత బండైతే మీరే గుర్తుగా వేసుకోవాలి.

స్టార్టు చేసే ముందు క్లచ్ నొక్కి పట్టుకుని, తాళం ఆన్ చేయకుండా కిక్కు నాలుగైదుసార్లు మెల్లగా తొక్కండి. రాత్రంతా ఆయిల్‌తో అతుక్కున్న క్లచ్ ప్లేట్లు విడిపోతాయి. ఇది చేయకపోతే మొదటి గేరు వేయగానే బండి ఎగిరి దూకినట్టు కదిలి ఆగిపోవచ్చు. కార్బురేటర్ బండికి చోక్ పూర్తిగా లాగి, రేస్ ఇవ్వకుండా కిక్కు కొట్టాలి. అందుకున్నాక అర నిమిషం నుంచి నిమిషంలోపు చోక్ దించేయండి. మర్చిపోతే ప్లగ్ నల్లబడి నాలుగు రోజుల్లో కొత్త సమస్య తెస్తుంది. ఒకవేళ పెట్రోలు వాసన గుప్పుమంటూ స్టార్టు కాకపోతే ఇంజన్ మునిగినట్టు. చోక్ దించి, తాళం ఆపి, రేస్ పూర్తిగా తిప్పి పట్టుకుని ఐదారుసార్లు కిక్కు కొట్టి, ఆ తర్వాత మామూలుగా ప్రయత్నించండి.

ఫ్యూయల్ ఇంజెక్షన్ బండ్లకు చోక్ లేదు. తాళం తిప్పాక పెట్రోలు పంపు సన్నగా మోగి ఆగేదాకా రెండు మూడు సెకన్లు ఆగి, రేస్ ముట్టుకోకుండా సెల్ఫ్ నొక్కండి. ఒక్కో నొక్కు 5 సెకన్లు మించొద్దు, మధ్యలో 10, 15 సెకన్లు వదలండి. పదే పదే నొక్కితే బ్యాటరీ దిగిపోయి అసలు పంపే తిరగదు.

ఐదు నిమిషాలు నిలబెట్టి రేజ్ చేయడం పెట్రోలు దండగ. అర నిమిషం చాలు, ఆ తర్వాత మొదటి రెండు మూడు కిలోమీటర్లు మెల్లగా పోతే ఇంజనూ టైర్లూ కలిసి వేడెక్కుతాయి. ఇంటి వీధి దాటేలోపే రెండు బ్రేకులూ ఒకసారి పట్టి చూడండి. డిస్క్ మీద మంచు తడి ఉంటే మొదటి పట్టు జారుతుంది. డ్రమ్ము లోపల రాత్రికి పట్టిన పల్చటి తుప్పు వల్ల మొదటిసారి కీచుమని గట్టిగా పట్టేస్తుంది. ఈ రెండూ హైవే ఎక్కాక తెలియడం మంచిది కాదు.

పొగమంచులో ఎంత వేగం

మంచు ఎప్పుడు పడుతుందో ముందు రాత్రే చాలావరకు చెప్పొచ్చు. వాన వెలిసి నేల తడిగా ఉండి, ఆకాశం నిర్మలంగా చుక్కలు కనిపిస్తూ, గాలి కదలకుండా ఉంటే తెల్లారుజామున మంచు గ్యారంటీ. మబ్బు ఉంటే నేల వేడి పైకి పోదు, గాలి ఉంటే మంచు చెదురుతుంది. చిక్కగా ఉండేది సూర్యోదయానికి ముందూ వెనకా, అంటే 5 నుంచి 8 దాకా. చాలామంది చీకట్లోనే బయల్దేరితే రోడ్డు ఖాళీగా ఉంటుందని లెక్కేస్తారు. ఆ గంటే అన్నిటికంటే చెడ్డది. పని ఆగేదైతే 8 తర్వాత బయల్దేరండి.

పల్లంలో, నీటి పక్కన మంచు చిక్కబడుతుంది. పెన్నా, మన్నేరు, పాలేరు, గుండ్లకమ్మ వంతెనల దగ్గర, చెరువు కట్టల మీద, రొయ్యల గుంటల మధ్య దారిలో అంతవరకు తేటగా ఉన్న రోడ్డు ఒక్కసారి మాయమవుతుంది. వంతెన కనిపించాక కాదు, వంతెన రాబోతోందని తెలిసినప్పుడే వేగం తగ్గించాలి.

వేగానికి లెక్క ఇది. తడి తారు రోడ్డు మీద మంచి టైర్లతో, చూసి బ్రేకు పట్టడానికి ఒక సెకను పోతుందనుకుంటే, 40 వేగంలో బండి ఆగడానికి సుమారు 24 మీటర్లు, 60లో 45 మీటర్లు, 80లో 72 మీటర్లు కావాలి. పక్కన కరెంటు స్తంభాల మధ్య దూరం సుమారు 50 మీటర్లు అనుకోండి. స్తంభం దగ్గర ఉన్నప్పుడు తర్వాతి స్తంభం కనపడకపోతే 60 వేగంలో పోకూడదు. సగం దూరం కూడా కనపడకపోతే 40 కూడా ఎక్కువే, 30కి దించండి. అదీ కాకపోతే పెట్రోలు బంకులోకో, టీ కొట్టు ముంగిట్లోకో తిప్పి ఆగాలి. రోడ్డు అంచున మాత్రం ఆగొద్దు. వెనకవాడు మీ లైటునే దారి అనుకుని వస్తాడు.

లైటు డిమ్ములోనే ఉంచండి. బ్రైటు వేస్తే వెలుగు మంచు చుక్కల మీద పడి మన కళ్లకే తెల్లటి గోడలా తిరిగొస్తుంది. పసుపు లైటు మంచును చీల్చుకుపోతుందన్న నమ్మకం ఉంది. తేడా చాలా కొంచెం, లైటు ఎంత కిందికి కొడుతోందన్నదే ముఖ్యం. వెనక మనిషి ఎక్కితే ముందు భాగం లేచి డిమ్ము కూడా పైకి కొడుతుంది. ఇద్దరు కూర్చుని గోడకు ఏడెనిమిది మీటర్ల దూరంలో బండి పెట్టి చూస్తే వెలుగు పై అంచు హెడ్‌లైటు ఎత్తు కన్నా కొంచెం దిగువన ఉండాలి. నాలుగు ఇండికేటర్లూ వెలిగిస్తూ నడపొద్దు, మీరు తిరగబోయేది ఎటో ఎవరికీ తెలియదు. వెనక ఎర్ర రిఫ్లెక్టర్ స్టిక్కరు, పక్కల పసుపుపచ్చది అంటించండి. ఖర్చు చాలా తక్కువ.

16వ నంబరు హైవే మీద అసలు గండం ఎదురుగా వచ్చే బండి కాదు, ఎడమ అంచున లైట్లు ఆర్పి నిలిపిన లారీ. తెల్లగీతను పట్టుకుని ఎడమ అంచున పోవడం క్షేమం అనిపిస్తుంది, సరిగ్గా అక్కడే ఆ లారీ ఉంటుంది. ఎడమ లైనులోనే ఉండి, అంచుకు ఒక మీటరు ఎడంగా పోండి. ముందు బండి వెనక లైటును పట్టుకుని పోవడమూ ప్రమాదమే, వాడు గుద్దితే మీరూ గుద్దుతారు. ముందు బండి ఒక స్తంభం దాటాక మీరు దాటేసరికి నాలుగు సెకన్లు పట్టాలి.

జారే చోట్లు

నెల్లూరు డెల్టాలో నాట్ల కాలం ఇదే. దమ్ము చేసిన ట్రాక్టరు రోడ్డెక్కితే చక్రాల బురద ముద్దలుగా రాలుతుంది, రాత్రి మంచుకు అది మళ్లీ సబ్బులా నానుతుంది. ఒంగోలు చుట్టూ నల్లరేగడి మట్టి ఇంకా మొండిది. టైరు గాడుల్లో నిండిపోయి టైరును నున్నగా చేసేస్తుంది. అలాంటి చోట బండి నిటారుగా, రేస్ మార్చకుండా, బ్రేకు ముట్టకుండా దాటాలి. వేగం బురదకు ముందే తగ్గించుకోవాలి. చేపల, రొయ్యల బండ్ల నుంచి కారిన నీళ్లు మలుపుల్లో జిగురుగా ఉంటాయి. చీమకుర్తి వైపు గ్రానైట్ దుమ్ము మంచుకు తడిసి పల్చటి ముద్దవుతుంది. తెల్ల గీతలు, పేడ, వంతెన మీది ఇనుప అతుకులు వంగి దాటొద్దు. ఏబీఎస్ ఉంది కదా అని మలుపులో బ్రేకు కొట్టొద్దు. మామూలు ఏబీఎస్ నేరుగా పోయేటప్పుడు చక్రం బిగుసుకోకుండా చూస్తుంది గానీ, వంగిన బండిని పడకుండా ఆపలేదు.

వాయుగుండం రోజుల్లో చప్టా మీద పారే నీటిలోకి బండి దించొద్దు. 2021 నవంబరులో పెన్నా వరదకు పడుగుపాడు దగ్గర రైలు కట్టే కొట్టుకుపోయింది. నీటి కింద రోడ్డు ఉందో లేదో పై నుంచి తెలియదు. నీళ్లలో ఆగిపోయిన బండిని అక్కడే స్టార్టు చేయొద్దు. బయటికి తోసుకొచ్చి ప్లగ్ విప్పి, కిక్కు కొట్టి నీరు రాకపోతేనే.

ఎదురెండ గురించి ఎవరూ చెప్పరు. ఆత్మకూరు నుంచి నెల్లూరుకు, పొదిలి నుంచి ఒంగోలుకు, ఉదయగిరి నుంచి కావలికి పొద్దున వచ్చేవాళ్లకు మంచు విడుతూనే ఎండ నేరుగా కళ్లలో పడుతుంది. తడి అద్దం మీద అది మంచు కన్నా గుడ్డిది. రోడ్డు మీద బర్రెలు కనపడవు. అప్పుడు అద్దం శుభ్రంగా తుడుచుకుని, 40 లోపు పోవడమే.

నల్లమల ఘాట్ వేరే లోకం. దోర్నాల నుంచి శ్రీశైలం పోయే దారి పులుల అభయారణ్యంలోంచి పోతుంది, రాత్రి అటవీశాఖ గేట్లు మూస్తారు. గేటు తెరవగానే మొదటివాళ్లుగా పోవాలని తొందరపడొద్దు. చెట్ల నీడలో మలుపులు పది దాకా ఆరవు, రాలిన ఆకుల కింద తడి ఉంటుంది. దిగేటప్పుడు రెండు లేదా మూడో గేరులో ఇంజన్ పట్టు మీద దించండి, బ్రేకు మలుపుకు ముందు వాడి వదిలేయండి.

పిల్లలు, పెద్దలు వెనక ఉంటే

ట్యాంకు మీద కూర్చున్న పిల్లవాడికి గాలి మొత్తం తగులుతుంది, మీకు తెలియదు. వెనకే కూర్చోబెట్టాలి. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల పిల్లలకు పట్టీ, హెల్మెట్ ఉండాలని, వేగం 40 దాటకూడదని నిబంధన ఉంది. పెద్దవాళ్లను ఎక్కించుకుంటే 30, 40 కిలోమీటర్లకోసారి ఆగి నాలుగడుగులు నడిపించండి. మోకాళ్లు బిగుసుకుపోయి దిగేటప్పుడు పడిపోతుంటారు.

ఇంటికి వచ్చాక

చైన్‌కు ఆయిల్ వేయాల్సింది పొద్దున కాదు, సాయంత్రం బండి ఆపిన వెంటనే. చైన్ వెచ్చగా ఉంటుంది, ఆయిల్ లోపలికి దిగి రాత్రికి అతుక్కుంటుంది. కిరసనాయిలు గుడ్డతో తుడిచి, 90 గ్రేడు గేర్ ఆయిల్ లోపలివైపు చుక్కలుగా వేసి చక్రం తిప్పండి, పది నిమిషాల తర్వాత మిగిలింది తుడిచేయండి. తడి రోజుల్లో 300 కిలోమీటర్లకోసారి చాలు. టైరుకు గానీ డిస్కుకు గానీ చుక్క పడకుండా అట్ట అడ్డం పెట్టుకోండి. మైపాడు, కొత్తపట్నం వైపు సముద్రం గాలిలో తిరిగిన బండిని మంచినీళ్లతో కడిగి, ఆరాక మూత కప్పండి. తడి బండి మీద ప్లాస్టిక్ కవరు కప్పితే లోపలే ఆవిరి కమ్మి తెల్లారేసరికి నట్లన్నీ ఎర్రబడతాయి.